ఐసు లేని బెజవాడలో ఫిగర్ స్కేటింగ్: నలభై దగ్గరలో మొదలుపెట్టేవాళ్లకు

ఫిగర్ స్కేటింగ్ నేర్చుకునేంత ఐసు విజయవాడలో లేదు, గుంటూరులోనూ లేదు. నేను ముప్పై తొమ్మిదో ఏట, పటమటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, చక్రాల స్కేట్స్ మీద మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు నలభై మూడు. ఒంటికాలి మీద గుండ్రంగా వెళ్లగలను, వెనక్కి వెళ్లగలను, ముందు నుంచి వెనక్కి మలుపు తిరగగలను. టీవీలో ఒలింపిక్స్ వస్తుంటే కళ్లప్పగించి చూసి, "ఈ వయసులో మనకెక్కడ కుదురుతుందిలే" అని లేచిపోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మొదటిరోజే నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించినవన్నీ ఇందులో ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు ఒక మాట. ఫిగర్ స్కేటింగ్ అనగానే గాల్లో గిరగిరా తిరగడం, దూకడం గుర్తొస్తాయి. కానీ పేరులో ఉన్న 'ఫిగర్' అంటే బొమ్మ. ఐసు మీద కాలితో గీసే బొమ్మ. సున్నా, 8, 3 లాంటి ఆకారాల మీద కాలు గీత తప్పకుండా వెళ్లడమే ఈ ఆటకు పునాది. ఒకప్పుడు పోటీల్లో మొత్తం మార్కుల్లో 60 శాతం ఈ గీతలకే ఉండేవి. 1990 తర్వాత ప్రపంచ పోటీల నుంచి వాటిని తీసేశారు, అందుకే ఇప్పుడు టీవీలో మనకు కనపడవు. దూకడానికి చిన్న వయసు కావాలేమో గానీ, గీత గీయడానికి ఓపిక చాలు. పెద్దవాళ్లకు ఉండేది అదే.

చక్రాల మీద చేసే ఇదే కళను ఆర్టిస్టిక్ స్కేటింగ్ అంటారు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇందులో రెండు కాంస్యాలు తెచ్చారు, ఒకటి సింగిల్స్‌లో, ఒకటి పెయిర్స్‌లో. ఐసు లేని ఊళ్లవాళ్లకు చక్రాలు తక్కువరకం దారేమీ కాదని చెప్పడానికి ఆ రెండు పతకాలు చాలు. ఇక వయసు సంగతంటారా, అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య 2005లో జర్మనీలోని ఒబెర్స్ట్‌డార్ఫ్‌లో పెద్దవాళ్ల కోసమే ఒక పోటీ మొదలుపెట్టింది. డెబ్బైల్లో ఉన్నవాళ్లకు కూడా ఒక విభాగం ఉంది.

ముందు రెండు వారాలు స్కేట్స్ లేకుండా

కొనాలన్న తొందర ఉంటుంది. ఆగండి. ఈ రెండు వారాల్లో ఒంటిని కాస్త సిద్ధం చేసుకుంటే తర్వాత రెండు నెలలు కలిసొస్తాయి.

పొద్దున పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడండి. కుడికాలు 30 సెకన్లు, ఎడమకాలు 30 సెకన్లు. అది తేలికయ్యాక నిలబడ్డ కాలి మోకాలు కొంచెం వంచి చేయండి. రోజుకు ఇరవై గుంజీళ్లు తీయండి, చిన్నప్పుడు బళ్లో తీసినట్టే, కానీ నెమ్మదిగా. లేచేటప్పుడు కాదు, దిగేటప్పుడు లెక్కపెట్టండి. గొంతుక్కూర్చున్నప్పుడు మడమలు నేలకు ఆనుతున్నాయా, పైకి లేస్తున్నాయా చూసుకోండి. లేస్తుంటే చీలమండ బిగుసుకుపోయి ఉందని అర్థం. కుర్చీల్లో పదిహేనేళ్లు పని చేసినవాళ్లలో ఇది మామూలే. గోడకు బెత్తెడు దూరంలో పాదం పెట్టి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకే ప్రయత్నం రోజూ చేయండి.

మోకాలి నొప్పి, బీపీ, ఒళ్లు తిరగడం, ఎముకల బలహీనత, వీటిలో ఏదున్నా ముందు డాక్టర్‌ను కలవండి. నలభై దాటిన ఆడవాళ్లకు మరీ మరీ చెబుతున్నాను. ఇక్కడ పడటం తప్పదు, పడితే కాచుకోవాల్సింది ఎముకే.

స్కేట్స్ ఎంచుకోవడం

రెండు వరసల్లో నాలుగు చక్రాలుండేవి క్వాడ్ స్కేట్స్. ఒకే వరసలో ఉండేవి ఇన్‌లైన్. ఇన్‌లైన్‌లోనే ఫిగర్ స్కేటింగ్ కోసం ప్రత్యేకంగా చేసినవి ఉన్నాయి. వాటి చక్రాల వరస కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది, ముందు ఒక రబ్బరు స్టాపర్ ఉంటుంది. ఐసుకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేవి అవే, ఖరీదూ ఎక్కువే. నా సలహా అడిగితే, మొదటి ఏడాది మంచి క్వాడ్ స్కేట్స్ మీద గడపండి. నిలకడ తొందరగా వస్తుంది, మనసులో భయం తగ్గుతుంది.

బొమ్మల షాపుల్లో కీ తిప్పి సైజు పెంచుకునే ప్లాస్టిక్ స్కేట్స్ దొరుకుతాయి. అవి వద్దు. ఎందుకో చేత్తో పట్టుకుని చూస్తే తెలుస్తుంది. స్కేట్‌ను తిరగేసి ఒళ్లో పెట్టుకోండి. బూటు అడుగు పలకను ఒక పక్కకు గట్టిగా నొక్కండి. మంచి స్కేట్‌లో ఇరుసు, పలక కలిసే చోట రబ్బరు కుషన్ ఒకటి ఉంటుంది. మీరు నొక్కగానే అది అణుగుతుంది, ముందు ఇరుసు, వెనక ఇరుసు రెండూ కొంచెం ఏటవాలుగా తిరుగుతాయి. వంగిన పక్కకు స్కేట్ మలుపు తీసుకునేది దీనివల్లే. ఫిగర్ స్కేటింగ్ మొత్తం ఈ చిన్న కదలిక మీద నడుస్తుంది. మీరు నొక్కినా ఇరుసు కదలకపోతే ఆ స్కేట్ తిన్నగా మాత్రమే పోతుంది. ఎంత అందంగా ఉన్నా దాన్ని అక్కడే పెట్టేసి రండి.

కుషన్ మధ్యలో ఉన్న నట్టు మరీ బిగిస్తే మలుపు రాదు, మరీ వదులు చేస్తే పాదం అటూ ఇటూ వణుకుతుంది. మొదటి నెల కొంచెం బిగుతుగా ఉంచండి. తర్వాత నెలకు పావు చుట్టు చొప్పున వదులు చేసుకుంటూ పోండి.

బూటు సైజు విషయంలో మొహమాటపడకండి. పల్చటి సాక్స్ వేసుకుని, లేసులు కట్టుకుని నిలబడితే వేళ్ల కొసలు ముందు భాగాన్ని అలా తాకాలి. మోకాళ్లు వంచగానే వేళ్లు కొంచెం వెనక్కి రావాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. "తర్వాత పనికొస్తుంది" అని ఒక సైజు పెద్దది కొనడం పిల్లల బూట్లకు చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. లేసులు వేళ్ల దగ్గర వదులుగా, చీలమండ దగ్గర గట్టిగా, పైన ఆఖరి రెండు హుక్కుల దగ్గర మళ్లీ కాస్త వదులుగా కట్టండి. పైన కూడా బిగించేస్తే మోకాలు వంగదు.

చక్రాల గట్టిదనాన్ని 'ఏ' స్కేలు మీద కొలుస్తారు, ఆ అంకె చక్రం మీదే అచ్చై ఉంటుంది. గరుకు సిమెంటుకు 78 నుంచి 85 ఏ దాకా ఉన్న మెత్తటివి బాగుంటాయి. నున్నటి లోపలి నేలకు 90 పైన ఉన్నవి.

హెల్మెట్, మణికట్టు గార్డులు, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు స్కేట్స్‌తోపాటే కొనండి. డబ్బు సరిపోకపోతే స్కేట్స్ కొనడం ఒక నెల వాయిదా వేయండి గానీ, ఇవి లేకుండా మొదలుపెట్టొద్దు. పెద్దవాళ్లు పడగానే చేయి చాపుతారు, ముందు దెబ్బ తినేది మణికట్టే.

ఆడవాళ్లకు ఇంకొన్ని జాగ్రత్తలు. గాజు గాజులు తీసేయండి. పడినప్పుడు పగిలి మణికట్టులోనే దిగుతాయి. చున్నీ వద్దు, ట్రాక్ ప్యాంటు వేసుకోండి. మెట్టెలు బిగుతు బూటులో పక్కవేలిని కోసేస్తాయి. తీయడం ఇష్టం లేకపోతే సన్నటి నున్నటి మెట్టె పెట్టుకుని, దాని మీద మెడికల్ టేపు ఒక చుట్టు చుట్టండి. నేను అలాగే చేస్తాను.

చోటు వెతుక్కోవడం

మన ఊళ్లో అందరికీ దగ్గర్లో దొరికేది అపార్ట్‌మెంట్ సెల్లార్. పొద్దున్నే కార్లన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి అయిదింటికి లేచి దిగితే లాభం లేదు. ఆఫీసులకు వెళ్లిపోయాక, పదిన్నర నుంచి సాయంత్రం దాకా సగానికి పైగా ఖాళీ. ఉద్యోగం చేసేవాళ్లకు ఆదివారం సాయంత్రం, అందరూ సినిమాలకూ బీచ్‌లకూ వెళ్లినప్పుడు, మంచి సమయం. అసోసియేషన్ వాళ్లకు ముందే చెప్పండి. కార్లకు తగలకుండా, పిల్లలు బడి నుంచి వచ్చే వేళ కాకుండా చేస్తానంటే సాధారణంగా ఒప్పుకుంటారు.

వాచ్‌మన్‌తో మాట్లాడుకోవడం అసలు మర్చిపోవద్దు. సెల్లార్ ఎప్పుడు కడుగుతారో మీకు తెలియాలి. మొదటి నెలలోనే నేను తడి ఆరని నేల మీద కాలు పెట్టి, ఎడమ మణికట్టు బెణికి, మూడు వారాలు ఇంట్లో కూర్చున్నాను. ఆ రోజు గార్డులు వేసుకోలేదు. అప్పటినుంచి దిగగానే చెప్పులతో నేలంతా ఒకసారి తిరుగుతాను. తడి, ఇసుక, ఆయిల్ మరకలు, చిన్న రాళ్లు, అన్నీ చూసుకుని, చీపురుతో ఊడ్చి, ఆ తర్వాతే లేసులు కట్టుకుంటాను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ఉక్కపోతకు మన చెమటే టైల్స్ మీద పడి జారుతుంది, అందుకని పక్కన ఒక పొడి గుడ్డ ఉంచుకోండి.

మేడ మీద చేద్దామనుకుంటే పిట్టగోడ ఎత్తు చూడండి. మీ నడుము కన్నా తక్కువుంటే వద్దు. కింద ఇంటివాళ్లకు చప్పుడు కూడా వినిపిస్తుంది. గుంటూరు బ్రాడీపేటలో ఉన్న మా చెల్లెలు కొన్నాళ్లు మేడ మీద చేసి, చివరికి మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే ఒక ఫంక్షన్ హాల్ వాళ్లను అడిగి అక్కడికి మారింది. అలాంటి హాలు దొరికితే అదృష్టమే, నేల నున్నగా ఉంటుంది, మధ్యలో స్తంభాలు ఉండవు.

2016 కృష్ణా పుష్కరాలకు కట్టిన ఘాట్ల దగ్గర విశాలమైన నేల చూస్తే మనసు లాగుతుంది. కానీ పక్కనే మెట్లు, ఆ కింద నీళ్లు. ఆగడం బాగా వచ్చేదాకా అటు వెళ్లొద్దు.

మొదటి పాఠం: పడటం

నిలబడటం కన్నా ముందు ఇది నేర్చుకోండి. ఇంట్లో పరుపు కింద వేసి, దాని మీద, మొదట స్కేట్స్ లేకుండా, తర్వాత స్కేట్స్‌తో.

మోకాళ్లు బాగా వంచి కిందికి దిగండి. దిగుతూనే ఒక పక్కకు ఒరిగి, పిరుదు, తొడ పక్క భాగం నేలకు తాకేలా కూర్చోండి. తిన్నగా వెనక్కి కూర్చోకూడదు, వెన్నెముక కింది కొసకు దెబ్బ తగులుతుంది. పిడికిళ్లు మూసి చేతులు పొట్ట దగ్గరికి తెచ్చుకోండి. గడ్డం ఛాతీకి ఆనించండి, తల వెనక్కి కొట్టుకోదు. ముందుకు పడుతున్నట్టనిపిస్తే మోకాళ్ల ప్యాడ్ల మీద పడండి, అవి ఉన్నది అందుకే.

లేవడానికి ముందు నాలుగు కాళ్ల మీదికి రండి, చిన్నపిల్లలు పాకినట్టు. ఒక స్కేట్‌ను రెండు చేతుల మధ్యకు తెచ్చి నేల మీద పెట్టండి. రెండు చేతులూ ఆ మోకాలి మీద వేసి, నొక్కి లేవండి. పక్కనున్న స్తంభాన్నో కారు అద్దాన్నో పట్టుకుని లేవడం అలవాటు చేసుకోవద్దు. అవి లేని చోట పడిన రోజు ఇబ్బంది అవుతుంది.

అటు పది, ఇటు పది, వారం రోజులు చేయండి. ఏడో రోజుకి ఒంట్లో ఏదో మారుతుంది. పిల్లలకు లేనిది, మనకు ఉన్నది పడిపోతానన్న టెన్షన్. ఆ టెన్షన్‌తో మోకాళ్లు కర్రల్లా బిగుసుకుపోతాయి. మోకాళ్లు బిగుసుకున్నందుకే పడతాం. పడటం చేతనైన మనిషికి మోకాళ్లు వాటంతట అవే వంగుతాయి.

నిలబడటం, నడవటం, జారటం

మడమలు దగ్గరగా, వేళ్లు దూరంగా, 'వి' ఆకారంలో నిలబడండి. మోకాళ్లు వంచి కిందికి చూస్తే మోకాలి చిప్ప బూటు కొసను కప్పేయాలి. కప్పకపోతే ఇంకా వంచండి. బరువు మడమ మీద కాదు, పాదం మధ్యలో, కొంచెం ముందుకు. అలాగే బాతులా చిన్న చిన్న అడుగులు వేయండి. పది అడుగులు వేశాక రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి, ఊరుకోండి. స్కేట్స్ వాటంతట అవే జారతాయి. అదే మొదటి గ్లైడ్.

తర్వాత స్విజిల్. 'వి'లో మొదలై, మోకాళ్లు వంచుతూ రెండు కాళ్లను బయటికి తోయండి. భుజాల వెడల్పు దాకా వెళ్లాక వేళ్లను లోపలికి తిప్పి, మోకాళ్లు లేపుతూ మళ్లీ దగ్గరికి లాక్కోండి. నేల మీద మీ కాళ్లు నిమ్మకాయ బొమ్మ గీసినట్టవుతుంది. ఒకదాని వెనక ఒకటి పది నిమ్మకాయలు ఆగకుండా వచ్చాయంటే తొడల బలం, మోకాళ్ల లయ రెండూ వచ్చినట్టే.

ఇంతలోనే ఆగడం నేర్చుకోండి. జారుతూ కాళ్లను వెడల్పు చేసి, వేళ్లు లోపలికి తిప్పి, బయటికి నొక్కితే వేగం తగ్గుతుంది. మరొకటి, ఒక కాలిని వెనక పెట్టి, దాని ముందున్న రబ్బరు స్టాపర్‌ను నేలకు మెల్లగా రాయడం. బరువంతా ముందు కాలి మీదే ఉండాలి.

ఒంటికాలి గ్లైడ్‌కు తొందరపడొద్దు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంత సేపు వస్తే చాలు, నెల తిరిగేసరికి పది దాకా వెళ్తుంది. లేపిన కాలిని పైకి ఎత్తడం మీద కాదు, నిలబడ్డ కాలి తుంటి మీదికి బరువు చేర్చడం మీద మనసు పెట్టండి.

వారానికి మూడు రోజులు, రోజుకి నలభై నిమిషాలు. ఇదంతా ఒంటికి పట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. రోజూ రెండు గంటలు చేస్తే తొందరగా వస్తుందనుకుని మొదట్లో చేశాను, పిక్కలు పట్టేసి వారం పోయింది.

గీత: అసలు పని ఇక్కడ మొదలవుతుంది

ఒక పురికొస, ఒక సుద్దముక్క తీసుకోండి. పురికొస ఒక కొస ఎవరినైనా నేల మీద అదిమి పట్టుకోమనండి. రెండు మీటర్ల దూరంలో రెండో కొసకు సుద్దముక్క కట్టి చుట్టూ గీయండి. నాలుగు మీటర్ల వెడల్పు వలయం వస్తుంది. చక్రాల పోటీల్లో వాడే వలయం ఆరు మీటర్లు ఉంటుంది, ఐసు మీద మనిషి ఎత్తుకు దాదాపు మూడింతలు. స్తంభాల మధ్య మనకు నాలుగే కుదురుతుంది. చాలు.

ఇప్పుడు ఆ గీత మీద ఎడమవైపు తిరుగుతూ వెళ్లాలి. ఎడమకాలి మీద వెళ్తే పాదం బయటి అంచు మీద బరువు పడాలి, అది అవుట్‌సైడ్ ఎడ్జ్. కుడికాలి మీద వెళ్తే లోపలి అంచు మీద, అది ఇన్‌సైడ్ ఎడ్జ్. కుడివైపు తిరిగేటప్పుడు ఇదంతా తారుమారవుతుంది. రెండు కాళ్లు, రెండు అంచులు, ముందుకు వెనక్కి, మొత్తం ఎనిమిది. ఎంత గొప్ప స్కేటరైనా చేసేది ఈ ఎనిమిదే, వాటిని కలిపే తీరే వేరు.

మొదట ఇన్‌సైడ్ ఎడ్జ్ చేయండి, భయం తక్కువ. అవుట్‌సైడ్ ఎడ్జ్ మీద మాత్రం ఎవరూ లేని వైపుకు ఒరగాలి, కాలు అడ్డం పెట్టుకునే వీలుండదు. నాకు ఆరు వారాలు అది రాలేదు. ఒరుగుతున్నానని అనుకునేదాన్ని, ఒరిగింది నడుము మాత్రమే. నీళ్లబిందె చంకన పెట్టుకున్నప్పుడు నడుము ఒంపుతాం చూడండి, అలా ఒంపితే పాదం తిన్నగానే ఉంటుంది, ఇరుసు తిరగదు. సైకిలు మలుపులో ఎలా వంగుతాం? సైకిలూ మనిషీ ఒకే గీతలా, కింది నుంచీ వంగుతారు. చీలమండ నుంచి తల దాకా అలా ఒరగాలి.

అది నాకు తెలిసొచ్చింది ఒక ధనుర్మాసం పొద్దున. మా వాచ్‌మన్ భార్య గేటు ముందు మెలికల ముగ్గు పెడుతోంది. మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. పిండి రెండు వేళ్ల మధ్య నుంచి జారుతోంది, గీత చుక్కను చుట్టి వెళ్తోంది, ఆమె కళ్లు మాత్రం పిండి పడే చోట లేవు. తర్వాత చుట్టబోయే చుక్క మీద ఉన్నాయి. "చెయ్యి చూసుకోకుండా ఎట్లా గీస్తావమ్మా?" అన్నాను. "చెయ్యి చూస్తే వంకరొస్తదక్కా. పోవాల్సిన చోటు చూస్తే చెయ్యే వస్తది" అంది, తలెత్తకుండానే.

ఆ ఆదివారం వలయం మీద నిలబడి కాళ్ల వంక చూడటం మానేశాను. గీత మీద రెండు మీటర్ల ముందున్న చోటు చూస్తూ, రెండు చేతులూ గీతకు పైనే చాపి, ఎడమకాలి మీద ఒరిగాను. చక్రాల చప్పుడు మారింది. అప్పటిదాకా గరగరమన్నది ఒక్కసారిగా సన్నటి హోరులా అయింది. కాలు దానంతట అదే వంపు తీసుకుంది. సగం వలయం వెళ్లాను. ఆ చప్పుడు మీకూ వినిపిస్తుంది, దానికోసం చెవి పెట్టండి. అంచు సరిగ్గా పడిందని కంటికన్నా ముందు అదే చెబుతుంది.

సాధన ఇలా చేయండి. వలయం మీద ఒక్కో కాలికి పది సార్లు, ఒక్కోసారి పావు చుట్టు. పావు నిలకడగా వచ్చాక సగం. రెండు నెలల తర్వాత పక్కనే ఇంకో వలయం గీసి 8 చేయండి. ఒక వలయం ఎడమకాలి అవుట్‌సైడ్ మీద, రెండోది కుడికాలి అవుట్‌సైడ్ మీద, కాలు మారేది మధ్యలో అవి కలిసే చోట. ముగ్గు పెట్టే అలవాటున్నవాళ్లకు ఆ కలిసే చోటు ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

వెనక్కి, తర్వాత 3

గోడను రెండు చేతులతో మెల్లగా తోసి వెనక్కి జారండి. నిమ్మకాయలే మళ్లీ వెనక్కి గీయాలి. ఈసారి వేళ్లు దగ్గరగా పెట్టి, మడమలు బయటికి తిప్పి మొదలుపెడతాం. బరువు మడమ మీదికి వెళ్లనివ్వకండి, వెళ్తే వీపు మీద పడతారు. భుజం మీదుగా వెనక చూస్తూనే ఉండండి, స్తంభాలు మనల్ని తప్పుకోవు.

ముందుకు అవుట్‌సైడ్ అంచు, వెనక్కి ఇన్‌సైడ్ అంచు రెండూ ఒకే కాలి మీద వచ్చాక త్రీ టర్న్, అంటే అదే కాలి మీద ముందు నుంచి వెనక్కి తిరిగే మలుపు. నేల మీద గీత 3 అంకెలా పడుతుంది కాబట్టి ఆ పేరు. ఎడమకాలి మీద వెళ్తూ ముందు భుజాలు, చేతులు వలయం లోపలి వైపుకు తిరగాలి. కింద పాదం ఇంకా ముందుకే ఉంటుంది. తువ్వాలు పిండినట్టు ఒళ్లు మెలి తిరిగాక మోకాలు కొంచెం లేపితే పాదం టక్కున తిరిగిపోతుంది. తిరిగిన వెంటనే మోకాలు మళ్లీ వంచండి. మొదట ఒక చేత్తో గోడ పట్టుకుని వంద సార్లు చేయండి.

దూకడం గురించి చాలామంది అడుగుతారు. మొదటి ఏడాది వద్దు. సిమెంటు నేలకు ఐసులో ఉన్నపాటి జారుడు లేదు, దిగిన బరువంతా మోకాలికే వస్తుంది. 1882లో నార్వేకు చెందిన ఆక్సెల్ పౌల్సెన్ చేసి చూపించిన ఆక్సెల్ జంప్ పేరు మీరు వినే ఉంటారు. అది కూడా ముందుకు వెళ్లే అవుట్‌సైడ్ ఎడ్జ్ మీదనుంచే లేస్తుంది.

బేరింగులు, వాన, ఎండ

ప్రతి చక్రంలో రెండు బేరింగులు, క్వాడ్ స్కేట్స్ జతకు పదహారు. చాలావరకు 608 నంబరువి. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి కొలత 22, మందం 7. కొన్ని క్వాడ్‌లలో రంధ్రం 7 మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి పాతది ఒకటి తీసుకుని ఆటోనగర్‌లో ఏదైనా బేరింగ్ షాపుకి వెళ్లి చూపించండి. మిక్సీలకూ మోటార్లకూ వాడే అదే సైజు కాబట్టి దొరకడం కష్టం కాదు. దుమ్ము పట్టి గరగరమంటే విప్పి, స్పిరిట్‌లో కడిగి, పూర్తిగా ఆరాక కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయండి. కొబ్బరినూనె వేయొద్దు, జిగటగా గడ్డకడుతుంది.

వానాకాలంలో బూట్లలో పాత న్యూస్‌పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టండి, లేకపోతే వారంలో బూజు పడుతుంది. ఎండాకాలం సాధనకు ముందు మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగండి, సీసాలో నీళ్లు పక్కనే ఉంచుకోండి.

నేర్పేవాళ్లు

ఇక్కడ స్కేటింగ్ కోచింగ్ ఎక్కువగా పిల్లలకు, అదీ స్పీడ్ స్కేటింగ్‌కు. అయినా ఒక మూడు నెలలు వెళ్లండి. "నాకు పోటీలొద్దండీ, ఆగడం, క్రాస్‌ఓవర్, వెనక్కి వెళ్లడం నేర్పండి చాలు" అని ముందే చెప్పండి. క్రాస్‌ఓవర్ అంటే మలుపులో ఒక కాలి మీదుగా రెండో కాలు దాటించి వేయడం. మీ పక్కన ఏడేళ్ల పిల్లలు రివ్వున పోతుంటారు. నేను చేరిన బ్యాచ్‌లో ఒక పాప రోజూ నా పక్కనుంచి వెళ్తూ "ఆంటీ, మోకాళ్లు!" అని అరిచేది. తప్పు ఎప్పుడూ అక్కడే ఉండేది. ఆ పాప మాట నాకు ఇప్పటికీ స్కేట్స్ కట్టుకోగానే చెవిలో వినిపిస్తుంది.

ఫోన్‌లో వీడియో తీసుకోండి, నేల మీద పెట్టి, పాదాలు కనపడేలా. మనం అనుకున్న వంపు, నిజంగా ఉన్న వంపు ఎంత తేడానో అప్పుడు తెలుస్తుంది.

ఐసు మీదికి ఒకసారి

ఏడాదో రెండేళ్లో అయ్యాక ఐసు మీదికి వెళ్లిరండి. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన ఇండోర్ రింక్ ఉంది. సిమ్లాలో 1920 నుంచి ఆరుబయట, సహజంగా గడ్డకట్టే ఐసు మీద శీతాకాలంలో స్కేటింగ్ జరుగుతోంది. అక్కడ వాతావరణాన్ని బట్టే ఐసు ఉంటుంది, టికెట్లు కొనేముందు ఫోన్ చేసి కనుక్కోండి.

నేను ఒక జనవరిలో సిమ్లా వెళ్లాను. అద్దె స్కేట్స్ ఇస్తారు. ఇచ్చినదల్లా తీసుకోకుండా, బ్లేడు అంచు మీద బొటనవేలి గోరును అడ్డంగా మెల్లగా గీరి చూడండి. గోరు పొడి కొంచెం రాలితే పదును ఉన్నట్టు, నున్నగా జారిపోతే వేరే జత అడగండి. బ్లేడు మందం నాలుగు మిల్లీమీటర్ల లోపే. దాని మధ్యలో పొడుగునా సన్నటి గాడి ఉంటుంది, అందుకే అటూ ఇటూ రెండు అంచులు. ముందు కొసన రంపపు పళ్లలా ఉండేది టో పిక్. వేళ్లతో నేలను తోసే అలవాటు ఉంటే అది గుచ్చుకుని ముందుకు పడేస్తుంది. ఎప్పుడూ పాదం పక్క భాగంతోనే తోయండి. స్వెట్టరు కన్నా చేతులకు గ్లౌజులు ముఖ్యం.

మొదటి పది నిమిషాలు బాతు నడకే. సెల్లార్‌లో ఎంత వచ్చినా సరే, అక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి, నిమ్మకాయలు, ఆగడం, ఒంటికాలు. చక్రాల కన్నా ఐసు చాలా మెత్తగా, వేగంగా జారుతుంది. కాళ్లు కుదురుకున్నాక జనం లేని ఒక మూల చూసుకుని ఎడమకాలి అవుట్‌సైడ్ మీద ఒరగండి.

నాకు అక్కడ సుద్దముక్కా లేదు, పురికొసా లేదు. రెండు మీటర్ల ముందు చోటు చూస్తూ ఒరిగాను. చక్రాలు నేల మీద గీత వదలవు కాబట్టి నాలుగేళ్లలో నా గీత నేనెప్పుడూ చూసుకోలేదు. ఆగి వెనక్కి తిరిగి చూస్తే, తెల్లటి ఐసు మీద సన్నగా, ముగ్గుపిండితో గీసినట్టు, సగం వలయం ఉంది.